వంశవృక్షము, జన్యుపరీక్ష : గుణదోషవిచారణము

మన మూలగ్రామ మేది, మన జ్ఞాతులెవరు అను ప్రశ్న రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో తఱచుగా వినవచ్చునట్టిది. నాయకరాజుల కాలమున మధుర ప్రాంతమునకు చేరినవారి సంతతికిని, షోలాపురమున మగ్గములు నిలుపుకొన్న పద్మశాలి కుటుంబములకును, 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినపుడు సరిహద్దున కావలివారైన బరంపురపు తెలుగువారికిని ఈ ప్రశ్న సమానమే. దీనికి సమాధానము చెప్పెదమని నేడు రెండు సాధనములు ముందుకు వచ్చినవి. ఒకటి వంశవృక్షమును కూర్చు సాఫ్టువేరు. రెండవది లాలాజలమునుండి డి.ఎన్.ఏ.ను గ్రహించి, ఇతరుల డి.ఎన్.ఏ.తో సరిపోల్చి బంధుత్వము నూహించు పరీక్ష. వీని గుణదోషములను మన కుటుంబపద్ధతి ననుసరించి విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వము ఈ పనిని మనుష్యులే చేసెడివారు. కాపు, రెడ్డి కుటుంబముల గోత్రములను, ఇంటిపేళ్లను పిచ్చుకగుంట్లవారు వల్లించెడివారు. పద్మశాలీల కులకథను కూనపులివారు పటము చూపి వినిపించెడివారు. కుటుంబము దూరమైనకొలది అట్టివారి రాక సన్నగిల్లుట సహజము. ఆ లోటును సాఫ్టువేరు కొంతవఱకు తీర్చగలదనుటలో సందేహము లేదు. 2001లో తొలుత వెలువడిన గ్రాంప్స్ అనునది ఉచితముగా లభించును. పేళ్లను తెలుగు లిపిలోనే వ్రాసికొనవచ్చును. పెద్దల ఛాయాచిత్రములను, కంఠధ్వనిని సైతము వారి పేళ్లతో జతపఱచి దాచవచ్చును. 1984లో అమెరికాలో రూపొందిన జెడ్‌కామ్ అను ఏర్పాటువలన ఒక సాఫ్టువేరులోని వివరములను మఱియొకదానికి మార్చుకొనుటయు సాధ్యమే.

అయినను ఈ సాధనములు వేఱొక సమాజమునకై పుట్టినవి. తండ్రినుండి కొడుకునకు మారక వచ్చు కుటుంబనామమొకటి యుండునని వీని యెన్నిక. తమిళదేశమున మనవారు పలువురు ఇంటిపేరును విడిచి తండ్రిపేరి తొలి యక్షరమునే వ్రాసికొనుచున్నారు. తాత కొక యక్షరము, తండ్రి కొకటి, మనుమని కొకటి. యంత్రమునకు వీరు మూడు వంశములవారుగా తోచుట వింత కాదు. లిపివలన చిక్కు మఱింత పెరుగును. క, గ లకు తమిళమున ఒక్కటే యక్షరము; ట, డ లకును అంతే. కోట, గోడ అను మాటలను ఆ లిపిలో అక్షరమునకు అక్షరముగా వ్రాసినచో రెండును ఒక్క రూపమునే పొందును. ఇంటిపేళ్లకును ఇదే గతి. ఇక పెండ్లితో ఇంటిపేరు మారిన స్త్రీల పుట్టినింటి పేరును ఎవరైన అడిగి వ్రాసిననే నిలుచును.

జన్యుపరీక్ష విషయమున జాగ్రత్త యింకను అవసరము. ఇరువురి డి.ఎన్.ఏ.లో సమానమైన భాగముల పొడవును సెంటీమోర్గానులలో లెక్కించి, ఆ మొత్తమునుబట్టి వీరు ఇంత దగ్గఱివారని సంస్థలు చెప్పుచున్నవి. తోబుట్టువుల బిడ్డలకు సగటున నూటికి 12.5 వంతులు, వారి బిడ్డలకు నూటికి 3 వంతులకు కొంచెము పైగా సమానముగా నుండును. తల్లివైపు వారును తండ్రివైపు వారును ఒండొరులకు బంధువులు కారనుకొన్నపుడే ఈ లెక్క సరిగా కుదురును. మనలో మేనరికము పరిపాటి. అట్టి పెండ్లివలన కలిగిన బిడ్డకు ఎనమండ్రు ముత్తాత ముత్తవ్వలకు బదులు ఆరుగురే యుందురు. మేనమామను పెండ్లాడినచోట, తండ్రివైపు తాతయు అవ్వయునైన దంపతులే తల్లివైపు ముత్తాతయు ముత్తవ్వయు నగుదురు. చెట్టుగా గీయదలచినది వలగా మారును. అనేకమార్గముల వచ్చిన చిన్న చిన్న భాగములు కూడి, దూరపు చుట్టమును దగ్గఱివానిగా చూపును. కావున మొత్తము సంఖ్యను మాత్రమే నమ్మక, అన్నిటికంటె పొడవైన భాగమెంత యని చూచుట మేలు.

ఈ చిక్కు మేనరికముతోనే తీరదు. 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ననుసరించి, మన దేశమున పెక్కు కులములు కొలదిమంది పూర్వులనుండి పెరిగి, తమలో తామే వియ్యమందుచు వచ్చినవి. ఆంధ్రదేశపు వైశ్యులలో ఈ స్థితి నూఱు తరములకు పైబడినదని అందు తేలినది. ఇట్టిచోట ఏ యిద్దఱిని పోల్చినను కొంత సామ్యము కనబడును. దానినుండి ఒక తాతను, ఒక గ్రామమును వెదకి పట్టుకొనుట సులభము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన లోపమొకటి కలదు. పినతండ్రి కొడుకునకును, మేనమామ కొడుకునకును నాతో గల డి.ఎన్.ఏ. సామ్యము సగటున ఒక్కటే. పరీక్షకు వీరిరువురును సమానులు. కాని తెలుగున ఒకడు అన్న, మఱియొకడు బావ. ఒకని చెల్లెలు నాకును చెల్లెలు. రెండవవాని చెల్లెలు మరదలు. మన కుటుంబచరిత్రకు పునాదియైన ఈ భేదమును రక్తము చెప్పదు, భాష చెప్పును. ఇంటిలో అందఱిని అంకుల్ అనియు కజిన్ అనియు పిలుచుట అలవడిన దినమున, ఏ పరీక్షయు తిరిగి తీసికొని రాలేని సమాచారము నశించును.

మఱియొక సంగతి. ఒకరు నమూనా నిచ్చినచో, అడుగకయే వారి తోబుట్టువుల, బిడ్డల రహస్యమును కొంత యిచ్చినట్లే. 23అండ్‌మీ అను సంస్థనుండి 2023లో సుమారు 69 లక్షలమంది వివరములు పరుల పాలైనవి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలాపిటిషను వేసి, పిదప చేతులు మారినది. ఇంటివారిని సంప్రదింపక ఈ పనికి పూనుట తగదు.

జన్యుపరీక్షను త్రోసివేయుట నా యభిమతము కాదు. అది సాక్షి, తీర్పరి కాదు. తెగిపోయిన రెండు శాఖలు ఒక్కటేనను అనుమానము పత్రములవలన కలిగినపుడు, దానిని బలపఱచుటకు గాని సడలించుటకు గాని అది యుపకరించును. ముందుగా చేయవలసినది వేఱు. పెట్టెలలోని దస్తావేజులు, శుభలేఖలు, ఉత్తరములు చదువబడవలెను. తమిళనాట 2006 నాటి తమిళ బోధనచట్టము పిమ్మట మన బడులలో తెలుగునకు గల స్థానము కుంచించినది. తాత వ్రాసిన ఉత్తరమును చదువలేని మనుమనికి సెంటీమోర్గానులు ఏమి బోధింపగలవు?

తెలుగు బోధించువాడనుగాన బడులకును, సంఘములకును ఒక మనవి చేయుచున్నాను. ఎనిమిదవ తరగతి బాలబాలికలచేత మూడు తరముల పేళ్లను, ఇంటిపేరును, తల్లుల పుట్టినింటి పేళ్లను, గ్రామములను, వరుసలను తెలుగులో వ్రాయింపుడు. అవ్వను అడిగి వ్రాసిన ఆ రెండు పుటలు ఇంటనే యుండనిండు. డి.ఎన్.ఏ. బిడ్డలలోను, మనుమలలోను నిలుచును గనుక ఆ పరీక్షను పదియేండ్ల తరువాతనైనను చేయింపవచ్చును. అవ్వ యెఱిగిన వరుసలకు అంత గడువు లేదు.