పచ్చి తిండితో బరువు తగ్గుట: ఒక విమర్శ

పొయ్యి వెలిగించకుండా, పాలు పెరుగు ముట్టకుండా, పండ్లు, పచ్చి కూరగాయలు, ఆకులు, మొలకలు, గింజలు మాత్రమే తిని జీవించడాన్ని అపక్వాహార విధానం అంటారు. మనం మామూలుగా శాకాహారం అనేదానిలో పాలు, నెయ్యి కలిసే ఉంటాయి. ఇందులో వాటికి కూడా చోటు లేదు. దీనిని ఆచరిస్తే స్థూలకాయం కరిగిపోతుందని చెప్పే పుస్తకాలకూ, ఉపన్యాసాలకూ ఇప్పుడు కొదవ లేదు. సన్నబడాలనే కోరిక ఉన్నత పాఠశాలలో చదివే పిల్లలకు కూడా పాకింది. కనుక ఈ వాదాన్ని కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. పచ్చి తిండి తిన్నవారు సాధారణంగా బరువు తగ్గుతారు. అది అబద్ధం కాదు. వివాదమల్లా ఎందుచేత తగ్గుతారు, ఆ తగ్గడం ఎక్కడ ఆగుతుంది అనే రెండు ప్రశ్నల మీదనే. ఈ విధానాన్ని ప్రచారం చేసేవారిలో చాలామంది మొదటి ప్రశ్నకు తప్పు జవాబు చెబుతున్నారు. రెండవ ప్రశ్న వేసుకోవడమే లేదు.

ఈ ఆలోచన క్రొత్తదేమీ కాదు. స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో బిర్హర్-బెన్నర్ అనే వైద్యుడు 1904లో ఒక ఆరోగ్యాశ్రమం తెరిచి రోగులకు పచ్చి పండ్లు, కూరలు విరివిగా పెట్టాడు. మొక్కలలో నిలువ ఉన్న సూర్యశక్తి వండితే నశిస్తుందని ఆయన నమ్మకం. అంతకు పూర్వమే, 1893లో, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో గాంధీజీ ఇటువంటి ప్రయోగం ఒకటి చేశారు. నానబెట్టిన గోధుమలు, పండ్లు, గింజలు తిని చూసి, నీరసం రావడంతో రెండు వారాలు నిండకుండానే విరమించారు. ఆ అనుభవాన్ని 1894లో లండను శాకాహారుల పత్రికలో ప్రకటించారు.

తరువాతి కథకు మన రాజమహేంద్రవరంతో సంబంధం ఉన్నది. 1929లో ఆంధ్రదేశంలో పర్యటిస్తున్నప్పుడు గాంధీజీకి అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావుగారు తటస్థపడ్డారు. నిప్పు తగలని ఆహారం, ముఖ్యంగా మొలకెత్తిన గింజలు తింటే దీర్ఘవ్యాధులు కుదురుతాయని ఆయన చెప్పారు. పాత కోరిక మళ్లీ తల ఎత్తింది. గాంధీజీ తానూ మొదలుపెట్టి, సాబర్మతి ఆశ్రమంలో కొందరు సహచరులను కూడా చేర్చుకొన్నారు. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, దంచిన ఆకుకూర, నిమ్మపండ్లు, తేనె: ఇవీ ఆయన తిన్నవి. జూను నెలలో ఈ సంగతి 'యంగ్ ఇండియా'లో వ్రాశారు. ఆగస్టు నాటికి జిగట విరేచనాలు పట్టుకొన్నాయి. ప్రయోగం ఆపి మేకపాలకు తిరిగి వచ్చారు. అది కూడా అదే పత్రికలో వ్రాశారు.

ఆయన ఉద్దేశం బరువు తగ్గడం కాదు. ఆరోగ్యం, ఇంద్రియనిగ్రహం, వంట శ్రమ తగ్గించడం. అయినా ఈ విషయంపై వ్రాసేవారు ఆయన దగ్గర నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. ఆరంభాన్ని అచ్చువేసిన పత్రికలోనే వైఫల్యాన్నీ అచ్చువేశారు. నేటి ప్రచార గ్రంథాలలో పది కిలోలు తగ్గినవారి ఫోటోలు ఉంటాయి. మూడవ వారంలో మానివేసినవారి లెక్క మాత్రం ఏ పుటలోనూ దొరకదు.

ఇక కారణాల విచారణ. వెనుకటి రోజులలో 'జీవశక్తి' అన్నదానినే తరువాతివారు 'ఎంజైములు' అన్నారు. అమెరికాలో ఎడ్వర్డ్ హోవెల్ 1985లో ప్రకటించిన పుస్తకం ఈ వాదానికి పెద్ద ఆధారం. దాని సారం ఇది: పచ్చి ఆహారంలో దానిని అరిగించే ఎంజైములు ఉంటాయి, వండితే అవి చస్తాయి, అప్పుడు మన దేహం తన నిధిలోని ఎంజైములను ఖర్చుపెట్టుకొని క్షీణిస్తుంది. వినడానికి శాస్త్రీయంగానే ఉన్నది. వేడికి ఎంజైములు చెడిపోతాయన్న ముక్క నిజం కూడా. తక్కినది నిలవదు. ఎంజైము ఒక మాంసకృత్తు. కడుపులోని ఆమ్లమూ, పెప్సినూ కందిపప్పులోని మాంసకృత్తును ఎలా విరుస్తాయో, క్యాబేజీలోని ఎంజైమును కూడా అలాగే విరుస్తాయి. పొయ్యి మీద కాకపోతే పొట్టలో చెడుతుంది, అంతే తేడా. అదీగాక మొక్క తన ఎంజైములను తయారు చేసుకొన్నది తన పనికోసం, మనకు అన్నం అరిగించిపెట్టడానికి కాదు. మన లాలాజలం, క్లోమం, చిన్న ప్రేగులు ప్రతిరోజూ క్రొత్త ఎంజైములను తయారుచేస్తూనే ఉంటాయి. పుట్టుకతో ఇచ్చిన మూటలోనుంచి తీసి వాడుకొనే వ్యవహారం కాదు ఇది.

మరి బరువు ఎందుకు తగ్గుతుంది? జవాబు తూకంలోనే ఉన్నది. మామూలుగా పని చేసుకొనే మనిషికి రోజుకు సుమారు 2000 కెలోరీల శక్తి కావాలనుకొందాం. 100 గ్రాముల కీరదోసకాయలో సుమారు 15 కెలోరీలు, పుచ్చకాయలో 30, జామపండులో 68 ఉంటాయి. ఒక్క కీరదోసకాయలతోనే 2000 కెలోరీలు రాబట్టాలంటే 13 కిలోలు తినాలి. పుచ్చకాయ అయితే ఆరున్నర కిలోలు దాటుతుంది. జామపండ్లయినా మూడు కిలోలు. నీరూ పీచూ కడుపు నింపుతాయి, దవడలు నొప్పి పెడతాయి, మనిషి తృప్తిగా లేచిపోతాడు. శక్తి మాత్రం సగమే చేరింది. ఇందులో రహస్యశక్తి ఏదీ లేదు.

కాని పచ్చిదయితే చాలు, ఎంతైనా తినవచ్చునని అనుకొంటే లెక్క తలక్రిందవుతుంది. పచ్చి కొబ్బరి 100 గ్రాములకు 350 కెలోరీలు, ఖర్జూరం 280, వేరుసెనగ 560కి పైగా ఇస్తాయి. ఖర్జూరం, కొబ్బరి కలిపి చుట్టిన లడ్డూలు నాలుగు తిన్నవాడు భోజనమంత శక్తినీ లోపల వేసుకొన్నట్లే. వాటికి నిప్పు తగలలేదన్న సంగతి అతని నడుముకు తెలియదు.

ఈ కెలోరీల లెక్కకు తోడు, తిన్నదంతా ఒంటబట్టదు అనే మరొక కారణం ఉన్నది. నిజానికి ఈ వ్యవహారంలో ఎక్కువ ఆసక్తికరమైనది ఇదే. మొక్కల కణాలకు సెల్యులోజు గోడలు ఉంటాయి. మనకు సెల్యులోజును అరిగించే ఎంజైము లేదు. గోడ పగలకపోతే లోపలి క్రొవ్వు, పిండిపదార్థం ప్రేగులలోనుంచి అలాగే దాటిపోతాయి. అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులు బాదంపప్పు తినిపించి, విసర్జనలో మిగిలిన శక్తిని కొలిచారు. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గ్రాము పచ్చి బాదంపప్పునుంచి దేహానికి దక్కినది 4.42 కెలోరీలు. వేయించిన పప్పునుంచి 4.86. వేయించి మెత్తని ముద్దగా నూరినదానినుంచి 6.53. పప్పు అదే, నిప్పూ, రోలూ చేసిన తేడా ఇది. వంట అంటే మనం రుచి కోసం చేసేదని అనుకొంటాం. అది కడుపుకు వెలుపల జరిగే సగం జీర్ణక్రియ. 2011లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు ఎలుకలకు చిలగడదుంపలు పచ్చివీ, ఉడికించినవీ పెట్టి చూశారు. ఉడికినవి తిన్నప్పటికంటె పచ్చివి తిన్నప్పుడు ఎలుకల బరువు ఎక్కువ తగ్గింది. ఆ బృందంలోని రిచర్డ్ రాంగమ్, మానవుడు మానవుడుగా పరిణమించడంలో వంటకు పెద్ద పాత్ర ఉన్నదని 2009లో ఒక గ్రంథమే వ్రాశాడు. నిప్పును మనిషి ఎప్పుడు వశపరచుకొన్నాడన్నదానిమీద పండితులలో ఇంకా తగాదా ఉన్నది కాని, వండిన పిండి సులభంగా అరుగుతుందన్నదానిమీద లేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. ఒక బంగాళాదుంపను తురిమి నీటిలో పిండి, అడుగున తేరిన తెల్లని పిండిని తీసుకోవాలి. చిటికెడు పిండిని ఒక పరీక్షనాళికలో చన్నీటిలో కలపాలి. మరొక చిటికెడు నీటిలో ఉడికించి, చల్లార్చి, రెండవ నాళికలో పోయాలి. రెండింటిలోనూ కాస్త లాలాజలం కలిపి గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు ఉంచి, అయొడిను చుక్క వేయాలి. ఉడికిన పిండి ఉన్న నాళికలో నీలిరంగు బాగా తగ్గిపోతుంది, లేదా రాదు. పచ్చిపిండి గాఢమైన నీలం చూపిస్తుంది. బంగాళాదుంప పిండి మొండిది కనుక తేడా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. వరిపిండితో ఇంత స్పష్టంగా ఉండదు.

మొదటి వారంలో కనబడే తగ్గుదల గురించి ఒక మాట. కాలేయంలోనూ, కండరాలలోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలువ ఉంటుంది. ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఈ నిలువే. ఉప్పు కూడా మానితే మరికొంత నీరు పోతుంది. త్రాసు చూపించే మొదటి రెండు కిలోలలో క్రొవ్వు కంటె నీరే హెచ్చు.

రెండవ ప్రశ్నకు వద్దాం: తగ్గడం ఎక్కడ ఆగుతుంది? జర్మనీలో గీసెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చాలాకాలంగా పచ్చి తిండి తింటున్న 216 మంది పురుషులనూ, 297 మంది స్త్రీలనూ ప్రశ్నావళి ద్వారా విచారించి, 1999లో ఫలితాలు ప్రకటించారు. పురుషులు సగటున 9.9 కిలోలు, స్త్రీలు 12 కిలోలు తగ్గారు. ప్రచారకులు ఇంతవరకే చదివి సంతోషిస్తారు. తరువాతి వాక్యం కూడా చదవాలి. పురుషులలో 14.7 శాతం, స్త్రీలలో 25 శాతం ఉండవలసిన కనీస బరువుకన్న తక్కువకు పడిపోయారు. 45 ఏండ్లలోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి ఋతుక్రమం తప్పింది, లేదా పూర్తిగా ఆగింది. ఆహారంలో పచ్చిభాగం పెరిగినకొద్దీ ఈ బాధ కూడా పెరిగింది. శక్తి చాలని దేహం సంతానోత్పత్తి పనిని వాయిదా వేసుకొంటుంది.

ఈ పరిశోధనకు లోపాలు లేకపోలేదు. బరువులు చెప్పినవారు తామే చెప్పుకొన్నారు. పోల్చి చూడడానికి వండినది తినే జట్టు లేదు. మధ్యలో మానినవారు లెక్కలోకి రాలేదు. కాని చివరి లోపం పచ్చి తిండి పక్షానికే అనుకూలమైనది. నెగ్గుకొచ్చినవారిలోనే ఇంత నష్టం కనబడితే, నెగ్గలేక విడిచినవారి సంగతి ఊహించుకోవచ్చు.

రక్తపరీక్షలతో చేసిన పని 2005లో వెలువడింది. 201 మంది పచ్చి తిండివారిలో చెడ్డ కొలెస్టరాలు, ట్రైగ్లిసరైడులు తక్కువగా ఉన్నాయి. ఇది వారి పక్షాన నిలిచే మంచి సాక్ష్యం, దాచకూడదు. అదే పరిశోధనలో మంచి కొలెస్టరాలు కూడా తక్కువగా ఉన్నది. 38 శాతం మందికి విటమిన్ బి-12 లోపించింది. ఈ విటమిను పాలు, గ్రుడ్లు, మాంసం వంటి జంతుసంబంధమైన ఆహారంలోనే నమ్మదగినంత దొరుకుతుంది. పాలు విడిచినవారు మాత్రగానో, కలిపిన ఆహారంగానో తీసుకొనవలసిందే; మొలకలు ఎన్ని తిన్నా రాదు. అదే సంవత్సరం అమెరికాలో 18 మంది పచ్చి శాకాహారులను పరీక్షించగా, వెన్నెముకలోనూ, తుంటిలోనూ ఎముకల సాంద్రత తక్కువగా కనబడింది. అయితే వారిలో విటమిన్ డి తక్కువగా లేదు. ఎముకలు పలచబడటానికి దేహం బరువు తక్కువగా ఉండటమే ముఖ్యమని అనుకోవడం సబబు.

వండితే అన్నీ నశిస్తాయన్న మాట కూడా సగమే సత్యం. విటమిన్ సి తగ్గుతుంది, సందేహం లేదు. టమాటాలోని లైకోపీను సంగతి వేరు: నూనెలో మగ్గితే అది మరింత బాగా ఒంటికి పడుతుంది. పచ్చి తిండివారి రక్తంలో లైకోపీను తక్కువగా ఉన్నట్లు 2008లో జర్మనీలోనే తేలింది. మన టమాటా పచ్చడికి ఈ గౌరవం దక్కవలసినదే.

మన ఇండ్లలో పచ్చి తిండి లేదా? శ్రీరామనవమి వడపప్పు నానినదే తప్ప ఉడికినది కాదు. దోసకాయ ముక్కలు, క్యారట్ తురుము, జామకాయ, ఉసిరికాయ మనకు అలవాటైనవే. మన పెద్దలు ఏది పచ్చిగా తినాలో, ఏది ఉడకాలో వేరు చేసుకొన్నారు. గోదావరి జిల్లాల మెట్టప్రాంతాలలో పండే కర్రపెండలాన్ని పచ్చిగా తింటే సయనైడు విషం తయారవుతుంది. రాజ్మా గింజలలోని లెక్టిను బాగా ఉడికితేనే పోతుంది. నానబెట్టి పచ్చిగా నమిలితే వాంతులు, విరేచనాలు తప్పవు. మొలకలు కట్టే తడి, వెచ్చదనం సూక్ష్మజీవులకు కూడా ఇష్టమైనవే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ-కోలై బాక్టీరియావల్ల దాదాపు 4000 మంది జబ్బుపడ్డారు; 50 మందికి పైగా మరణించారు. మొలకలను కొంచెంసేపు ఆవిరిమీద ఉంచి తినడం పిరికితనం కాదు.

బరువు ఎక్కువైన పెద్దలు పచ్చి కూరముక్కలు, పండ్లు పెంచి, అన్నం, నూనె తగ్గించుకొంటే ప్రయోజనం ఉన్నది. దానికి పొయ్యి ఆర్పనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో 2000 కెలోరీల భోజనానికి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు చెప్పారు. మనలో చాలామంది పళ్లెంలో అందులో సగమైనా ఉండదు. మొదట పూడ్చవలసిన లోటు ఇది.

పిల్లల విషయం వేరు. పెద్దలకు బరువును ఎత్తు వర్గంతో భాగించి వచ్చే సంఖ్య 18.5 కన్న తగ్గకూడదంటారు. ఎదిగే పిల్లలకు ఆ హద్దు పనికిరాదు, వయసువారీ పట్టికలు చూడాలి. ఎముకలలో సున్నం అధికంగా చేరేది ఈ వయసులోనే. పచ్చి తిండి మొదలుపెట్టిన బాలిక త్వరగా సన్నబడి, నెల తప్పుతున్నట్లయితే, అది దేహం శుద్ధి అవుతున్న గుర్తు అని కొన్ని పుస్తకాలు ఓదారుస్తాయి. అది ఆకలి గుర్తు. తల్లికి చెప్పి, వైద్యుని వద్దకు తీసుకొని పోవలసిన సంగతి.