భాష కలిసినంత మాత్రాన: మిల్టన్ గోర్డన్ విలీన సిద్ధాంతం

వలస వచ్చినవారు కొత్త సమాజంలో ఎంతవరకు కలిసిపోయారో తేల్చడానికి సాధారణంగా వారి భాషనూ, యాసనూ, వేషధారణనూ, ఆహారపు అలవాట్లనూ చూస్తారు. ఈ కొలమానాలు చాలవని సిద్ధాంతబద్ధంగా నిరూపించిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మిల్టన్ గోర్డన్ (1918–2019). జాతి సమూహాల పరస్పర సంబంధాలను జీవితకాలం అధ్యయనం చేసిన ఆయన ఖ్యాతి ముఖ్యంగా 1964లో వెలువడిన 'అసిమిలేషన్ ఇన్ అమెరికన్ లైఫ్' మీద నిలిచింది.

అప్పటికి అమెరికాలో మూడు ఆదర్శాలు ప్రచారంలో ఉన్నాయి: వలసదారులు ఆంగ్లో-శాక్సన్ పద్ధతులకు ఒదిగిపోవడం, అందరూ ఒకే మూసలో కరిగి కొత్త జాతిగా రూపొందడం, ఎవరి సంస్కృతిని వారు నిలుపుకోవడం. వీటిలో ఏది మంచిదన్న చర్చ కంటే వాస్తవంగా ఏం జరుగుతోందన్న ప్రశ్నే గోర్డన్‌కు ముఖ్యం. అందుకోసం ఆయన విలీనాన్ని ఏడు అంశాలుగా విడదీశారు. వాటిలో మొదటి రెండింటి మధ్య చూపిన తేడాయే ఆయన అసలు కానుక. ఆచార వ్యవహారాలు మారడం సాంస్కృతిక విలీనం. స్నేహబృందాలలో, క్లబ్బులలో, కుటుంబ పరిచయాలలో చోటు దొరకడం నిర్మాణగత విలీనం. మొదటిది ఎంత పూర్తయినా రెండవది జరగకపోవచ్చు. తరతరాలుగా ఇంగ్లీషే మాతృభాషగా, క్రైస్తవమే మతంగా గల నల్లజాతి మధ్యతరగతికి శ్వేతజాతి సాంఘిక జీవితంలో ప్రవేశం లేకపోవడమే దీనికి తిరుగులేని ఉదాహరణ. కలవాలన్న కోరిక ఒక్కటే చాలదు. అవతలివారు తలుపు తీయాలి.

నిర్మాణగత విలీనం ఒకసారి జరిగితే వివాహ సంబంధాలతో సహా మిగిలినవన్నీ వాటంతటవే అనుసరిస్తాయన్నది గోర్డన్ రెండవ ప్రతిపాదన. ఇక్కడే సిద్ధాంతం బలహీనపడుతుంది. ఆ పుస్తకం వచ్చేనాటికి పలు రాష్ట్రాలలో వర్ణాంతర వివాహం ఇంకా నేరమే. సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేసింది 1967లో. అంటే వివాహానికి అడ్డం స్నేహాల కొరత మాత్రమే కాదు, రాజ్యాధికారం కూడా. అంతేకాక, వచ్చినవారు మారుతుంటే కేంద్రంలోని సమాజం స్థిరంగా ఉంటుందన్న భావన ఆయన నమూనాలో అంతర్లీనంగా ఉంది. వలసదారుల రాకతో ప్రధాన స్రవంతి కూడా మారుతుందని రిచర్డ్ ఆల్బా, విక్టర్ నీ 2003లో వాదించారు. అంతకు ముందే, 1993లో, అందరూ ఒకే సమాజంలో కలవరని, వర్గాన్నీ వర్ణాన్నీ బట్టి దారులు చీలుతాయని అలెహాండ్రో పోర్టెస్, మిన్ ఝౌ చూపించారు.

గోర్డన్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1965లో, జాతీయత ఆధారంగా కోటాలు పెట్టిన వలస చట్టం రద్దయింది. ఆ మార్పుతో వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లలో తెలుగువారూ ఉన్నారు. వీరు ఆయన ఊహించిన యూరోపియన్ కార్మిక వలసదారులు కారు. ఆసుపత్రిలో, ఆఫీసులో మొదటి రోజు నుంచే వీరికి స్థానం ఉంది. కాని గోర్డన్ లెక్కలో అది పైపై సంబంధమే. సన్నిహిత సంబంధం కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అందరితో కలిసి పనిచేసి, శనివారం భోజనాలకు తెలుగు ఇళ్ళకే వెళ్ళే జీవితాన్ని వర్ణించడానికి ఆయన వాడిన 'నిర్మాణగత బహుళత్వం' అన్న భావన నేటికీ సరిపోతుంది.

ఆ జీవితం ఎంతవరకు స్వయంగా ఎంచుకున్నది, ఎంతవరకు అవతలి తలుపు తెరుచుకోకపోవడం వల్ల ఏర్పడింది? తెలుగు సంఘాల సభ్యత్వ సంఖ్యలు దీనికి జవాబు చెప్పవు. ఇరుగుపొరుగువారు ఎవరింటి శుభకార్యానికి ఎవరిని పిలుస్తారో, కష్టం వచ్చినప్పుడు ముందుగా ఎవరికి ఫోన్ చేస్తారో గమనిస్తే కొంత తెలుస్తుంది. క్రమం విషయంలో గోర్డన్ పొరబడి ఉండవచ్చు. ఎక్కడ వెతకాలో మాత్రం సరిగానే చూపించారు.