అబద్ధం, ఆట, అజ్ఞాతవాసం: విరాటపర్వంలో మారువేష పాత్రల నిర్మాణం

ప్రవేశిక

వంచననే ప్రధాన విద్యగా గల పాత్రను నిర్మించడమంటే దానికి అబద్ధమాడే నేర్పును సమకూర్చడమేనా? ఈ ప్రశ్న నేడు ఆటల రంగం నుంచి కొత్త రూపంలో ఎదురవుతున్నది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి పాత్రధారణ క్రీడల్లో ఆటగాళ్లు బల్ల చుట్టూ కూర్చొని, తలా ఒక పాత్రను కల్పించుకొని, పాచికలు వేస్తూ కథను నడుపుతారు. మాటలతో ఎదుటివారిని ఏమార్చే మాయావి పాత్ర వీటిలో సుపరిచితం. నెల్లూరు మనుమసిద్ధికి మంత్రిగా ఉన్న 13వ శతాబ్దపు కవి తిక్కన తన భారత రచనను ప్రారంభించినది కూడా మారువేషాల కథతోనే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, వంచక పాత్రకు బలమిచ్చేది అబద్ధమా, ఆ అబద్ధం దాచలేని నిజమా అని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆటలో వంచనకు లెక్క

ఈ క్రీడ 2014 నాటి ఐదవ కూర్పులో 18 నైపుణ్యాలున్నాయి. అందులో ‘డిసెప్షన్’ ఒకటి. దానికి ఆధారం ‘కరిజ్మా’, అంటే పాత్రకున్న ఆకర్షణ శక్తి. ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేసి, తన నైపుణ్యపు అంకెను కలుపుతాడు. ఎదుటి పాత్ర ‘ఇన్‌సైట్’ దానిని మించితే అబద్ధం బయటపడుతుంది. ‘చార్లటన్’ నేపథ్యాన్ని ఎంచుకున్న పాత్రకు రెండో గుర్తింపు, దానికి తగిన పత్రాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ‘అసాసిన్’ మార్గంలో తొమ్మిదో అంచె చేరిన పాత్ర 7 రోజుల కాలం, 25 బంగారు నాణేలు ఖర్చుపెట్టి కొత్త మనిషిగా చలామణి కావచ్చు.

ఈ ఏర్పాటులో సౌలభ్యం ఉంది. అయితే వేషం ఇక్కడ వెలకట్టి కొనుక్కునే వస్తువు. పాత్రకు ఆదర్శం, అనుబంధం, లోపం రాసుకోవాలని ఇవే నియమాలు చెబుతాయి గాని, అబద్ధమాడే వేళ వేసే పాచికతో వాటిని విధిగా ముడిపెట్టవు. అందువల్ల పాత్ర స్వభావానికీ దాని వంచనకూ మధ్య ఖాళీ మిగులుతుంది.

నిజంతో కట్టిన వేషాలు

విరాటపర్వం ఆరంభంలో పాండవులు ఎవరు ఏ వేషం వేయాలో కూర్చొని నిర్ణయించుకుంటారు. పన్నెండేళ్ల వనవాసం ముగిసింది. పదమూడో ఏట గుర్తింపబడితే మళ్లీ అడవి తప్పదు. ధర్మరాజు కంకభట్టుగా, భీముడు వలలుడనే వంటవాడుగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడుగా, ద్రౌపది మాలినిగా విరాటుని కొలువు చేరుతారు. వేషాలు కొత్తవే గాని విద్యలు పాతవి. తిండిపుష్టి గల భీముడికి వంటశాల, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజుకు జూదపు కొలువు, అశ్వవిద్య తెలిసిన నకులుడికి గుర్రపుశాల దక్కాయి. పూర్వం ఎక్కడ పనిచేశారని అడిగితే వారు చూపేదీ ధర్మరాజు ఇల్లే. ప్రతి అబద్ధానికీ చిరునామా ఇంద్రప్రస్థమే. వీరి వేషం లేనిదానిని కల్పించదు. ఉన్నదానిని పక్కకు జరుపుతుంది.

కొలువులో ప్రవేశించక ముందే రాజుల వద్ద మెలగవలసిన తీరును ధౌమ్యుడు వారికి ఉపదేశిస్తాడు. వేషం ముఖానికి సంబంధించినది మాత్రమే కాదని, ఏడాది పొడవునా పాటించవలసిన నడవడి అని ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది.

ఒక మాట, ఇద్దరు శ్రోతలు

కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నినప్పుడు ఈ వేషాలకు అసలు పరీక్ష ఎదురవుతుంది. చెట్టు పెకలించబోయే చూపుతో ఉన్న భీముణ్ణి ధర్మరాజు, వంటకట్టెల కోసం చెట్టు వెతుక్కుంటున్న వంటవాడికి చెప్పినట్టు మాట్లాడి వారిస్తాడు. సభకు అది కంకభట్టు మాట. భీముడికి అన్న ఆజ్ఞ. సభలో నటిలా నిలబడటం తగదని కంకభట్టు మందలించగా, తన భర్త నటుడేనని, అంతేకాదు జూదరి కూడానని ద్రౌపది బదులిస్తుంది. సైరంధ్రి హద్దు దాటకుండానే ద్రౌపది తన భర్తను నిలదీసింది.

ఆట నియమంలో అబద్ధానికి ఎదురు నిలిచేది దానిని పసిగట్టే ప్రత్యర్థి. ఇక్కడ ఆ మాటల బరువు మోసేది తనవాళ్లే. ఐదుగురి వేషం నిలవడానికి అవమానపు వెల చెల్లించినది ద్రౌపది ఒక్కతే. మాయావి పాత్రను నిర్మించేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఈ అబద్ధం నిలబడితే నష్టపోయేది ఎవరు?

వేషాన్ని పట్టించే వాన

వేగులవారు ఎంత వెదకినా పాండవుల జాడ తెలియలేదు. అప్పుడు భీష్ముడు చెప్పిన ఆనవాలు వేరు: ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయి, పంటలు పండుతాయి. పేరు, రూపం, వృత్తి మార్చుకున్న మనిషి తన ధర్మాన్ని మాత్రం దాచలేడన్నది ఆ మాట సారం. బృహన్నల వల్లనే గెలుపు కలిగిందన్న నిజం పలికినందుకు విరాటుడు కంకభట్టును పాచికలతో ముఖాన కొట్టడం ఈ సూత్రానికి మరో ఉదాహరణ. అజ్ఞాతవాసమంతా కాపాడిన పాచికలే నిజం చెప్పిన రోజు రక్తం కళ్లజూశాయి.

వానలు లేనప్పుడు విరాటపర్వం పారాయణ చేయించే ఆచారం తెలుగునాట ప్రసిద్ధం. ఈ ఆచారాన్ని భీష్ముని మాటతో కలిపి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. తిక్కన జిల్లాకు పడమటనున్న ఉదయగిరి, ఆత్మకూరు, చేజర్ల ప్రాంతాల్లో, సోమశిల నీరు అందని మెట్ట పొలానికి నేటికీ వానే ఆధారం. అటువంటి చోట ఈ పర్వం విన్న రైతు కోరుకునేది వేషం ఫలించడాన్ని కాదు, వేషంలోంచి ధర్మం బయటపడటాన్ని. శాస్త్రదృష్టికి ఇది నమ్మకమే కావచ్చు. సాహిత్య విమర్శకు మాత్రం ఇది శ్రోతలు తరతరాలుగా చేసిన పాఠ వ్యాఖ్యానం.

ముగింపు

పాత్రధారణ క్రీడ వంచనను కొలవదగిన నైపుణ్యంగా మార్చి, ఎవరైనా ప్రయత్నించగల వీలు కల్పించింది. తిక్కన పాత్రలు ఆ కొలతకు అందని మూడు అంశాలను చూపుతాయి: వేషానికి పునాది నిజమైన విద్య, దాని భారం తోటివారిది, దాని హద్దు స్వభావం. మాయావి పాత్రను కల్పించేవారు అది ఎంత బాగా అబద్ధమాడగలదో నిర్ణయించడంతో పాటు, ఎంత ప్రయత్నించినా ఏది దాచలేదో కూడా నిర్ణయించాలి. ఆ రెండోది తేలని పాత్రకు వేషమే మిగులుతుంది, మనిషి మిగలడు.