చేతులు మారే బండి

ఎండ ఎక్కకముందే వెళ్లండి. పాత బండి చూడబోతున్నామని ఎవరు చెప్పినా నేను మొదట చెప్పే మాట ఇదే. వెళ్లేముందు ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అండీ" అని ఒక మాట వేయండి. అక్కడికి చేరగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే మంచిదే. గోరువెచ్చగా తగిలితే మాత్రం మనకంటే ముందే ఎవరో దాన్ని లేపి కూర్చోబెట్టారని అర్థం. వేడెక్కిన ఇంజన్ తన లోపాలు చాలావరకు దాచుకుంటుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్ దాచలేదు. ఎన్ని కిక్కులకు అందుకుంది, అందుకున్నాక నిలబడిందా, చోక్ తీయగానే ఆగిపోయిందా, మొదటి నిమిషంలో ట్యాపెట్ల చప్పుడు ఎంత ఉంది... ఇవన్నీ ఆ కాసేపట్లోనే తేలిపోతాయి.

ఆ తర్వాత పొగ చూడాలి. ఫోర్ స్ట్రోక్ బండి నీలం పొగ వదిలితే ఇంజన్ ఆయిల్ కాలుతోందని లెక్క. రింగులైనా అరిగి ఉండాలి, వాల్వ్ సీళ్లయినా పోయి ఉండాలి. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ అందుతోంది. కారు బాగా వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డిప్ స్టిక్ మీది ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే ఆ అనుమానం బలపడినట్టే. టూ స్ట్రోక్ సంగతి వేరు. దానికి పొగ పుట్టుకతో వచ్చింది, కాకపోతే ఇంజన్ వేడెక్కేకొద్దీ తగ్గాలి. ఆర్‌ఎక్స్ 100లో ఎంతకీ తగ్గలేదంటే కుడివైపు, క్లచ్ పక్కనుండే క్రాంక్ సీలు అరిగి గేర్ ఆయిల్‌ను లోపలికి లాగుతుండొచ్చు. ఎడమవైపు, మ్యాగ్నెట్ పక్క సీలు పోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కణ్నుంచి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి బోరులో పట్టేస్తుంది. చేతి వెడల్పు కూడా లేని రబ్బరు చుట్ట ఒకటి ఇంజన్ ఆయుష్షును తేల్చేస్తుందన్నమాట.

ఇంత తెలుసుకుని పాత బండే ఎందుకు కొనాలి? నా మటుకు నాకు ఆ బళ్లు విప్పి చూసుకోగలిగినవి కావడమే కారణం. యమహా, ఎస్కార్ట్స్ కలిసి 1985లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 100నే తీసుకోండి. 50 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల స్ట్రోక్, మొత్తం 98 సీసీ. దాంట్లోంచి 11 హార్స్ పవర్ వచ్చేది. బండి బరువేమో వంద కిలోలకు అటూ ఇటూ. దాని పికప్ రహస్యమంతా ఆ లెక్కలోనే ఉంది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. మైసూరులో జావా, యెజ్డీలు చేసిన ఐడియల్ జావా కూడా అదే ఏడాది మూతపడింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800ను 2014 జనవరిలో ఆపేశారు. వీటి తయారీ ఎప్పుడో ఆగినా బళ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయంటే, స్పానర్ల సెట్టు, కాస్త ఓపిక ఉన్న మనిషికి అవి లొంగుతాయి కాబట్టే.

అలా తిరుగుతున్న ప్రతి బండికీ మనకంటే ముందు ఎవరో ఉన్నారు, మన తర్వాత ఎవరో ఉంటారు. ఇన్నేళ్లుగా పాత బళ్లతో తిరిగాక నాకు గట్టిగా పట్టుకున్న నమ్మకం ఇది. పాత బండి మీద నిజమైన మక్కువ ఉన్నవాడు తనను ఆ వరసకు నడుమ నిలబెట్టుకుంటాడు. ముందు తోలినవాళ్ల నుంచి బాధ్యతను పూర్తిగా తన పేరు మీదకు తీసుకుంటాడు. తర్వాత తోలబోయేవాళ్లకు ఏమీ దాచకుండా అప్పజెబుతాడు. కొనడం, పెట్టుకోవడం, రిపేరు చేయించడం, అమ్మడం... అన్నిటికీ మూలం ఇదే.

అందుకే కాగితాల దగ్గర నేను పట్టుగా ఉంటాను. మోటారు సైకిలు హ్యాండిల్‌ను ఒక పక్కకు తిప్పితే స్టీరింగ్ మెడ మీద చాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో అక్కడి గ్రీజు, మట్టి తుడవండి. పల్చటి తెల్ల కాగితం పరిచి, పెన్సిల్‌ను వాలుగా పట్టుకుని మెల్లగా రుద్దండి. బూడిద రంగులోంచి అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలతాయి. ఆ కాగితాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం కలిపి చూడండి. ఒక అంకె మిగతావాటికంటే లోతుగా ఉన్నా, వరస వంకరపోయినా, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా బేరం ఆపేసి లేచి రావడమే. ఎంత ముచ్చటైన బండైనా సరే.

నంబరు కలిశాక పేరు మార్పు. ఫారం 29, ఫారం 30 అందరికీ తెలిసినవే. బండి మీద అప్పు ఉండి ఉంటే ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 కావాలి. వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే ఎన్‌ఓసీ కోసం ఫారం 28 కావాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మన దగ్గర మాత్రం ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, దాన్ని 'ఓపెన్ ట్రాన్స్‌ఫర్' అని పిలిచి, బండిని చేతులు మార్చేస్తుంటారు. ఆ సంతకం పెట్టినవాళ్లు నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసు గురించి తెలుసుకోవాలి. అమ్మేసిన బండి ఒకరి నుంచి ఇంకొకరికి మారుతూ పోయి ప్రమాదం చేసింది. రికార్డుల్లో మాత్రం మొదటివాళ్ల పేరే ఉండిపోయింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం కళ్లకు వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి పేరు మార్పించుకోవడం మనకు బండి అమ్మిన మనిషి పట్ల మనం పాటించాల్సిన కనీస ధర్మం. ఆయన మన మీద నమ్మకంతో తాళం ఇచ్చాడు. ఆ నమ్మకం వల్ల ఆయన కోర్టు మెట్లు ఎక్కకూడదు.

కారు కొనేటప్పుడు దీనికి తోడు నీళ్ల సంగతి చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. సెల్లార్లలో, వీధుల్లో ఉన్న కార్లన్నీ ఆ నీళ్లు తాగాయి. అలాంటి కారును శుభ్రంగా కడిగించి, సీట్ల కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును ఆఖరిదాకా లాగండి. కడిగేవాళ్ల చెయ్యి అంత లోపలికి వెళ్లదు కాబట్టి బురద చార అక్కడ ఉండిపోతుంది. సీటు కింది పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, ఫ్యూజు బాక్సు కాళ్లు చూడండి. పై భాగాలు మెరుస్తూ ఈ మూలలు తుప్పు పట్టి ఉంటే కారణం మీకే అర్థమవుతుంది. మీటరు రీడింగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మీటరు తక్కువ చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే రబ్బరు మాటే నమ్మండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 3521 అంటే 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదులుతుంది.

బండి ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. అందుకే కొనేటప్పుడే అనుకున్న డబ్బులో నాలుగో వంతు చేతిలో ఉంచుకుని మిగతాదానితోనే బేరమాడండి. పాతవాళ్లు ఏది ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, కూలెంట్, కేబుళ్లు, కారైతే టైమింగ్ బెల్టు ముందే మార్చేయండి. బ్రేకు ఆయిల్‌ను అస్సలు మరవొద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి ఆవిరై, పెడల్ నేల దాకా వెళ్లినా బ్రేకు పడదు. మోటారు సైకిలుకు సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం లేపి, హ్యాండిల్ మెల్లగా తిప్పండి. నడుమకు వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టే. వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపినప్పుడు కదలిక తెలిస్తే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు మార్చాల్సి రావొచ్చు. ఇవన్నీ చిన్న ఖర్చులు. వీటిని వదిలేసి ముందు పెయింటు వేయించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంజన్ విప్పే పని వస్తే తొందరపడకండి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్ల ముందు నిలబడి బోరు చేయించడం చూసినవాళ్లకు ఆ పనిలోని సూక్ష్మం తెలుసు. అరిగిన బోరును పావు మిల్లీమీటరు పెంచి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. తర్వాత అర, ముప్పావు, ఒకటి. అక్కడితో ఆ బ్లాకుకు పెంచుకునే చోటు దాదాపు అయిపోయినట్టే. అంటే ఒక ఇంజన్‌కు బోరు చేయించే అవకాశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవసరం లేకుండా బోరు చేయించినవాడు తర్వాత వచ్చేవాడి వంతు కూడా వాడేసుకున్నట్టే. అందుకే కంపెనీ బోరు మీదున్న బండి అంటే మేస్త్రీలకు అంత గౌరవం. బోరు చేయించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టిగా తోలకండి. కొత్త రింగులు బోరుకు అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి.

బండిని తెలుసుకోవడమంటే ఏమిటో నాకు కాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న పాత బుల్లెట్ నేర్పింది. దాన్ని స్టార్ట్ చేయడానికి ఒక క్రమం ఉంది. తాళం తిప్పగానే హెడ్‌లైట్ పైనున్న అమ్మీటరు ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట కాలికి గట్టిగా అడ్డుపడుతుంది, ముల్లు నడిమికి వచ్చి నిలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చి పాయింట్లు తెరుచుకున్నాయని దాని అర్థం. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెసర్ లివరు నొక్కి, కిక్కును ఇంకాస్త దించి, లివరు వదిలేయాలి. కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, తడబడకుండా కిందిదాకా ఒకే ఊపున తొక్కాలి. సగంలో కాలు ఆపితే అది వెనక్కి తంతుంది. ఇందులో ఒంటి బలంతో పని తక్కువ. కంటికి కనిపించని పిస్టన్ ఈ క్షణాన ఎక్కడుందో ముల్లును చూసి, కాలితో తడిమి తెలుసుకోవాలి. ఈ విద్య వచ్చినవాళ్లకు బండి ఎక్కడ ఆగినా భయం ఉండదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది కాబట్టి.

ఇప్పుడు పాత బళ్లకు కొత్త పరీక్ష వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. కార్బొరేటర్ల కాలం నాటి రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ నీటిని కూడా లాక్కుంటుంది కాబట్టి కదలకుండా నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. మనం చేయగలిగింది చాలానే ఉంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించాలి. ఎక్కువ రోజులు నిలిపేటట్టుంటే కార్బొరేటర్ కింది గిన్నెలోని పెట్రోలు ఖాళీ చేసేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా బండిని తోలుతూ ఉండాలి.

మార్పులు చేయించే మోజు గురించి కూడా మనసు విప్పి చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజన్‌లో సైలెన్సర్ శబ్దం అణచడానికి మాత్రమే ఉన్నది కాదు. దాని ఆకారం వల్ల వెనక్కి తిరిగి వచ్చే ఒత్తిడి, బయటికి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. దాన్ని కోసేస్తే చప్పుడు పెరుగుతుంది, బలం పోతుంది, వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. 1985లో రిజిస్టరైన ఆర్‌ఎక్స్ 100కు ఆ యోగ్యత వచ్చేది 2035లో. అప్పటికి అసలు ట్యాంకు, అసలు సైలెన్సర్, అసలు సైడ్ ప్యానెళ్లతో ఎన్ని మిగులుతాయో ఇవాళ వాటిని పెట్టుకున్న మన చేతుల్లోనే ఉంది. తీసేసిన అసలు భాగాన్ని పారేయకండి. ఆయిల్ రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టండి. మీకు అక్కర్లేకపోవచ్చు, తర్వాతివాళ్లు దాని కోసం ఊళ్లు తిరుగుతారు.

ఇంకొక పని చేయండి. బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చారు, ఏ సైజు పిస్టన్ వేశారు, ఎంత ఖర్చైంది అన్నీ రాయండి. బిల్లులు అందులోనే అంటించండి. బండి అమ్మేనాడు తాళంతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి. లోపం ఉంటే కొనేవాళ్లు అడగకముందే చెప్పండి, ధరలో కాస్త తగ్గినా పర్వాలేదు. పేరు మారిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కొనేటప్పుడు మనం ఎన్ని ప్రశ్నలు అడిగామో, అమ్మేటప్పుడు అన్నిటికీ మన దగ్గర నిజమైన జవాబు ఉండాలి. అలా ఉన్నవాళ్లనే నేను బండి ప్రియులంటాను.