హైబ్రిడ్డా, రకమా?

తొలకరి రోజుల్లో అద్దంకి విత్తనాల కొట్ల దగ్గర నిలబడితే ఇంగ్లీషు విశేషణం ఒకటి పదేపదే చెవిన పడుతుంది. హైబ్రిడ్. పత్తికీ అదే, మిరపకీ అదే. మన వాడుకలో నాటు కానిదంతా హైబ్రిడ్డే. ఏపుగా ఎదిగిన పిల్లాణ్ణి కూడా హైబ్రిడ్ పిల్లోడనేస్తాం. పిల్లోడి సంగతి సరే, విత్తనం దగ్గర ఈ కలగాపులగం రైతు జేబుకే చిల్లు.

లాటిన్‌లో ఈ మాట పెంపుడు పందికీ అడవిపందికీ పుట్టిన పిల్లకి పేరు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే కారుకూ ఇప్పుడు అదే మాట.

చేలో దాని అర్థం తెలియాలంటే పత్తి క్రాసింగ్ చూడాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ ఒలిచేస్తారు. నడుమ కీలం మాత్రం మిగలాలి. దానికి గోరు గుచ్చుకుందంటే ఇక ఆ కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. గుర్తుకి ఎర్రకాగితం తొడిగి, తెల్లారాక వేరే రకం పత్తి వేసిన మగ వరస నుంచి తెచ్చిన పువ్వుని ఆ కీలానికి రాస్తారు. ప్రతి పువ్వుకీ ఇంత పని. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం ఇచ్చిన హెచ్-4, ప్రపంచంలోనే సాగుకొచ్చిన తొలి హైబ్రిడ్ పత్తి, ఇలా చేతుల మీదుగా పుట్టిందే. ఆ పంట గింజ దాచి మళ్లీ వేస్తే చేను ఒక్క తీరుగా రాదు. అందుకే ఏటేటా కొనాలి.

మన బాపట్ల సాంబమసూరి, అదే బీపీటీ 5204, అలా కాదు. 1986లో విడుదలైన ఆ వరి కూడా సంకరం చేసి తీసిందే. కానీ తరం వెంట తరం ఏరి ఏరి గుణం నిలబెట్టారు. కాబట్టి అది రకం. గుంటూరు లాం ఫారం మిరప ఎల్‌సీఏ 334 కూడా రకమే. పక్క చేల పుప్పొడి కలవకుండా చూసుకుంటే గింజ మళ్లీ మనకే పనికొస్తుంది.

కొట్లో ‘మంచి హైబ్రిడ్ అన్నా’ అని ప్యాకెట్ చేతిలో పెడితే దాని మీద ఎఫ్1, అంటే తొలి తరం హైబ్రిడ్, అని ఉందేమో చూడండి, హైబ్రిడ్డా రకమా అని గట్టిగా అడగండి. రకమే అయితే వచ్చే ఏటికి ఏ మొక్కల కాయలు విడిగా కొయ్యాలో చేలో ఉండగానే గుర్తు పెట్టుకోవచ్చు.