రోజుకో పువ్వు: ఉద్దానం తీరాన వాక్యధ్యానం

ఉద్యానవనం అన్న మాటే జనం నోట అరిగి ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస నీడన బతికే ఈ సీమలో తోటకు వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో ఇంటికి రారు. ఎండు కొబ్బరి మట్టో, పిడికెడు జీడి పిక్కలో వెంట వస్తాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఒక కతోలిక పీఠాధిపతి బైబిలు వాక్యధ్యానానికి చెప్పిన సూత్రమూ ఇదే. పూలతోటలో తిరిగినవాడు వెళ్తూ వెళ్తూ నాలుగైదు పూలు కోసుకుని రోజంతా వాసన చూసుకున్నట్టు, ధ్యానం ముగించినవాడు మనసుకు తగిలిన మాటను వెంట తీసుకుపోవాలన్నాడాయన.

ఆయన జెనీవా పీఠాధిపతి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567–1622). 1609లో అచ్చయిన ఆయన భక్తి గ్రంథం ఒక గృహిణికి రాసిన ఉత్తరాల నుంచి పుట్టింది. భక్తి మఠాల సొత్తు కాదని, సిపాయికీ చేతిపనివాడికీ ఇల్లాలికీ వారి వారి పనికి తగ్గ భక్తి ఉంటుందని ఆయన నమ్మాడు. ఆయన పేరు మీద 1838లో ఆన్సీలో పుట్టిన గురువుల సభ 1846లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది. ఉత్తరాంధ్ర కతోలిక విచారణల్లో చాలావాటి వేళ్లు అక్కడివే. విశాఖ పీఠం నుంచి విడివడి 1993 జూలై 1న శ్రీకాకుళం పీఠం ఏర్పడింది. పలాస, టెక్కలి ఆ పీఠం కిందివే. కెనడియన్ బాప్టిస్టు మిషన్ బాగా ఎరుకైన ఈ తీరంలో కతోలికులు కొద్దిమందే. అయినా వారి ఇళ్లలో సాగే ఈ వాక్యధ్యాన సాధన గురించి అందరూ తెలుసుకోవాలి.

ఏ రోజు ఏ భాగం చదవాలన్నది ఇందులో ఎవరి ఇష్టానికీ వదలలేదు. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో వచ్చిన పఠనాల క్రమం ప్రకారం ఆదివారాలకు మూడేళ్ల చక్రం ఉంది. ఒక ఏడు మత్తయి, మరో ఏడు మార్కు, ఆపై లూకా. పండుగ కాలాలు కాని సామాన్య కాలంలో, వారపు రోజుల మొదటి పఠనం సరి సంవత్సరానికొకటి, బేసి సంవత్సరానికొకటి. సువిశేషం మాత్రం ఏటా అదే. టెక్కలిలో ఉదయం వినిపించిన సువిశేషమే ఆ రోజు మనీలాలోనూ రోములోనూ వినిపిస్తుంది. నచ్చిన పుటలే తిప్పుకునే వీలు లేకపోవడం ఈ క్రమంలోని గొప్ప మేలు. మనం తప్పించుకు తిరిగే మాట కూడా ఏదో ఒక రోజు మన గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది.

చదివే పద్ధతికి 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గిగో నాలుగు మెట్లు కట్టాడు: పఠనం, మననం, ప్రార్థన, మౌన ధ్యానం. శ్రవణ మనన నిదిధ్యాసలు ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త దారేమీ కాదు. ముందు ఒక్క నిమిషం ఊరుకుని దేవుని ఎదుట ఉన్నామని గుర్తు తెచ్చుకోవాలి. తర్వాత భాగాన్ని పైకి, నెమ్మదిగా, రెండుసార్లు చదవాలి. ఇంట్లో చదువు రాని అవ్వ ఉంటే ఆమె కూడా వింటుంది. పచ్చి జీడి పిక్కను కొరికితే నోరు పొక్కుతుంది. కాల్చి, కొట్టి, ఆరబెట్టి, పొర వలిస్తేనే తినే పప్పు. కటువైన వాక్యమూ అంతే. తొందరపడితే గాయం చేస్తుంది, ఓపిక పడితే ఆకలి తీరుస్తుంది.

మననంలో కళ్ల ముందు దృశ్యం కట్టుకోవాలి. సామాన్య కాలం 22వ వారం గురువారం, రాత్రంతా వల వేసినా చేప పడని పేతురు కథ వస్తుంది. బారువ తీరం ఎరిగినవారికి గలిలయ దూరం కాదు. ఖాళీ వల బరువేమిటో, దాన్ని మళ్లీ నీట వేయమంటే ఒళ్లు ఎంత మొరాయిస్తుందో పడవ ఎక్కినవాడికి తెలుసు. 20వ వారం బుధవారం ద్రాక్షతోట కూలీల ఉపమానం. అది పలాస జీడి బట్టీ యజమాని చెవిన ఒకలా, కిలోల లెక్కన కూలి అందుకునే ఆడమనిషి చెవిన మరోలా పడుతుంది. ఇద్దరికీ పడాలి.

సాధన నిలిచేదీ జారిపోయేదీ ధ్యానం చివర చేసుకునే తీర్మానం దగ్గర. ‘అందరినీ ప్రేమిస్తాను’ అన్నది తీర్మానం కాదు. 27వ వారం సోమవారం మంచి సమరీయుడి కథ విన్నవారు ‘డయాలసిస్‌కు వెళ్లే పక్కింటి పెద్దాయనకు బుధవారం తోడు వెళ్తాను’ అనుకుంటే అది తీర్మానం. ఎవరికి, ఎప్పుడు, ఏం చేస్తానో అందులో ఉండాలని ఫ్రాన్సిస్ పట్టుబట్టాడు. రాత్రి పడుకునే ముందు ఆత్మపరిశీలనలో అది జరిగిందా లేదా అని చూసుకోవాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి చెట్లను నేల కూల్చింది. కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను ఏళ్లుగా తినేస్తోంది. ఎందుకిలా అన్న ప్రశ్నకు వాక్యధ్యానం సిద్ధమైన జవాబు ఇవ్వదు, ఇస్తుందని చెప్పడం బాధితులను అవమానించడమే. కానీ ‘ఈ రోజు నేనేం చేయాలి’ అన్న ప్రశ్నను అది ఒక్క రోజూ వదలదు. ఓదార్పు కంటే అది గట్టి సాయమని నా నమ్మకం.

జీడి కొట్టే ఆడవాళ్లు జీడి రసం అంటకుండా చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. ఆ చేతులతో గ్రంథం పట్టుకోలేరు, పుట తిప్పలేరు. పొద్దున విన్న ఒక్క మాట మాత్రం సాయంత్రం దాకా వారితో ఉండగలదు. ఫ్రాన్సిస్ చెప్పిన పువ్వు ఇలాంటి వారి కోసమే.