మన పేరున్న విశ్వవిద్యాలయంలో మన భాషకు చోటెక్కడ?

తెలుగు నేల మీద ఇప్పుడు రెండు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒకటి విజయనగరంలో, రెండోది ములుగులో. రెండింటికీ మూలం ఒకటే. 2014లో రాష్ట్రాన్ని విభజించిన చట్టం తన పదమూడో షెడ్యూలులో చెరొక రాష్ట్రానికి ఒక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని రాసింది. ఆంధ్రప్రదేశ్‌ది 2019లో చట్టమైంది. తెలంగాణది సమ్మక్క సారక్కల పేరుతో 2023 డిసెంబరులో పార్లమెంటు దాటింది. అక్కడ తరగతులు 2024లో మొదలయ్యాయి. అంటే ఆ మాట ఇచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన మన గూడెం పిల్ల, ములుగులో మొదటి గంట మోగేనాటికి ఇంటర్ మొదటి సంవత్సరానికి వచ్చింది.

ఆలస్యమైనా వచ్చాయి, సంతోషమే. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పుకునే మాలాంటి వాళ్లకు, మన పిల్లలు విశ్వవిద్యాలయం మెట్లెక్కడం కంటే కావలసిందేముంది? అయితే సంతోషపడ్డాం కాబట్టి నోరు మూసుకోవాలని ఎవరూ అనకూడదు. గిరిజన అన్న మాట బోర్డు మీద రాసినప్పుడు ఆ మాటకు అర్థం ఏమిటో అడిగే హక్కు గిరిజనులకు ఉంటుంది. ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే. ఉన్నత విద్యలో ఈ పదేళ్లలో చాలా మార్పులు వచ్చాయి. ప్రవేశ పరీక్ష మారింది, డిగ్రీ నాలుగేళ్లయింది, బోధన ఇంగ్లీషులోకి వెళ్లింది. ఈ మార్పుల్లో ఏ ఒక్కటైనా మన పిల్లల ఇంటి నుంచి మొదలైందా?

ముందు ప్రవేశం సంగతి చూద్దాం. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటు కావాలంటే దేశమంతటికీ ఒకటే పరీక్ష రాయాలి. దాన్ని పదమూడు భాషల్లో రాయవచ్చు. తెలుగు ఉంది, మంచిదే. గోండీ లేదు, కోయ లేదు, కువి లేదు, సవర లేదు, కొలామీ లేదు. సంతాల్ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉండి కూడా ఆ పదమూడులో లేదు. పరీక్ష ఒక్కటే కావడంతో అందరికీ సమాన అవకాశం వచ్చిందన్నారు. పట్నంలో కోచింగ్ తీసుకున్న పిల్లవాడికీ, సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోను పట్టుకునే పిల్లవాడికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడాన్ని సమానత్వం అంటే మేము ఒప్పుకోలేం. దరఖాస్తు ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్, హాల్ టికెట్ ఆన్‌లైన్. కుల ధ్రువపత్రం కోసం మీసేవకో సచివాలయానికో రెండు మూడుసార్లు తిరగాలి. పరీక్ష కేంద్రం పట్నంలో ఉంటుంది, ముందు రోజే బయల్దేరాలి. మార్కుల దాకా పోకుండానే ఈ దారిలోనే కొంతమంది రాలిపోతారు. వాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇక భాష. మన పిల్లలు ఎక్కే మెట్లు మైదాన ప్రాంతపు పిల్లల కంటే ఒకటి ఎక్కువ. ఇంట్లో ఒక భాష. బడిలో తెలుగు. ఆ తెలుగు ఒంటబట్టి, పరీక్షల్లో రాయడం వచ్చేసరికి పదో తరగతి అవుతుంది. అప్పుడు ఇంగ్లీషు ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. మన పిల్లలకూ ఇంగ్లీషు కావాలి, అందరికంటే ఎక్కువే కావాలి. కాని రెండు మెట్లు ఒకేసారి ఎక్కమని చెప్పి, జారిపడితే 'వీళ్లకు స్థాయి లేదు' అనడం అన్యాయం. తరగతిలో మాట్లాడని పిల్లకు పాఠం అర్థం కాలేదని అధ్యాపకులు అనుకుంటారు. చాలాసార్లు పాఠం అర్థమయ్యే ఉంటుంది, చెప్పడానికి మూడో భాష నోటికి రాదు. లోపం పిల్ల బుర్రలో ఉందా, మెట్లు కట్టినవాడి కొలతలో ఉందా? ఉపాధ్యాయులైన మనమే ముందు తేల్చుకోవాలి.

అంకెలు కూడా చూద్దాం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చితే కాలేజీల్లో నమోదు దేశం మొత్తం మీద 28.4 శాతం. షెడ్యూల్డు తెగల్లో 21.2 శాతం. కొత్త జాతీయ విద్యా విధానం 2035 నాటికి మొత్తం నమోదును 50 శాతానికి చేర్చాలంటోంది. లక్ష్యం గొప్పదే. కాని నమోదు వేరు, పూర్తి చేయడం వేరు. బడిలో మేము ఎప్పుడూ చూసేదే ఇది. జూన్‌లో రిజిస్టరు నిండుగా ఉంటుంది, తర్వాత ఒక్కో పేరుకూ ఎదురుగా గైర్హాజరు పడుతుంది.

ఆ విధానంలోనే ఇంకో మాట ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో ఒక ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. ఎప్పుడైనా బయటికి వెళ్లవచ్చు, తిరిగి రావచ్చు అంటున్నారు. వినడానికి బాగుంది. జరుగుబాటు ఉన్న ఇంటి పిల్లలకు అది నిజంగా వెసులుబాటే. మన ఇళ్లలో చదువు ఎందుకు ఆగుతుందో మనకు తెలుసు. తండ్రి మంచాన పడతాడు. మలేరియా వస్తుంది. పోడు కోతకు చేతులు చాలవు. హాస్టల్లో సీటు దొరకదు, గది అద్దె కట్టలేరు. ఇలా ఆగిపోయిన చదువును నిన్నటిదాకా 'డ్రాపవుట్' అనేవారు. ఆ మాటలో కనీసం ప్రభుత్వానికి కొంత సిగ్గు ఉండేది, ఎందుకు ఆపారని అడిగే వీలుండేది. ఇప్పుడు అదే పిల్ల చేతిలో ఒక ఏడాది సర్టిఫికెట్ పెట్టి, తన ఇష్టంతోనే బయటికి వెళ్లిందని రాసుకోవచ్చు. ఒక ఏడాది సర్టిఫికెట్‌కు సంతలో ఎంత విలువ ఉంటుందో ఈ విధానం రాసినవాళ్లు చెప్పాలి.

డబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితం మీద హక్కు. బకాయి పడితే ప్రైవేటు కాలేజీ ప్రభుత్వాన్ని నిలదీయలేదు, పిల్లను నిలదీస్తుంది. ఫీజు కడితేనే టీసీ, మెమోలు అంటుంది. మేము చదువు చెప్పిన పిల్లల్లోనే డిగ్రీ పాసై, సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోగా కూలికి పోయినవాళ్లు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఈ సాయమే ఆపేశారు. విశ్వవిద్యాలయాలు పెంచామని ఒక చేత్తో చూపించి, అక్కడిదాకా నడిచే దారి ఖర్చు రెండో చేత్తో ఆపితే ఏం లాభం?

సీట్ల విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం అంటే సీట్లన్నీ, కనీసం సగమైనా, గిరిజనులకే అనుకుంటారు. పేరు మారినంత మాత్రాన చట్టం మారదు. కేంద్ర విద్యాసంస్థల్లో షెడ్యూల్డు తెగల వాటా 7.5 శాతం అని 2006 చట్టం చెప్పింది. అధ్యాపక ఉద్యోగాల్లోనూ అంతేనని 2019 చట్టం ఆధారంగా లెక్క నడుస్తోంది. ఈశాన్యంలోని ఆరో షెడ్యూలు ప్రాంతాల్లో ఉన్న సంస్థలకు 2006 చట్టం నుంచి మినహాయింపు ఉంది. మనది ఐదో షెడ్యూలు. మనకు ఆ మినహాయింపు రాయలేదు. కాబట్టి అధికారులు, మంత్రులు సభల్లో చెప్పే మాటల మీద ఆధారపడకుండా, గిరిజన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకూ అధ్యాపకులకూ ఎంత వాటానో ఆ విశ్వవిద్యాలయాల చట్టంలోనే రాయించుకోవాలి.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, చట్టం గట్టిగా లేకపోతే ఏమవుతుందో జీవో నంబరు 3 విషయంలో చూశాం. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఆ జీవో ఇచ్చారు. దాని వల్ల గూడెం భాష వచ్చిన టీచర్లు గూడెం బడికి వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ రోజు పోయింది ఉద్యోగాలు మాత్రమే కాదు. చదివితే మన ఊళ్లోనే టీచరు కావచ్చు అన్న నమ్మకం ఎంతోమంది తల్లిదండ్రులను పిల్లల్ని కాలేజీకి పంపేలా చేసింది. ఆ నమ్మకానికి దెబ్బ తగిలాక, డిగ్రీ ఎందుకు అని అడిగే పిల్లలకు మేము జవాబు వెతుక్కోవలసి వస్తోంది.

ఇప్పుడు అసలు విషయానికి, పాఠానికి వద్దాం. ఆదివాసీ కళలు, సంస్కృతి, ఆచారాల మీద బోధన, పరిశోధన జరగాలనే ఈ విశ్వవిద్యాలయాలు పెట్టారు. ములుగులో మొదలుపెట్టిన కోర్సులు ఇంగ్లీషు, ఎకనమిక్స్. ఆ రెండూ కావలసినవే. కాని ఏ ఊరి విశ్వవిద్యాలయంలోనైనా దొరికే పాఠాన్నే తెచ్చి ఇక్కడ చెబితే దీనికి వేరే పేరెందుకు? ఎకనమిక్స్‌నే తీసుకోండి. వారపు సంతలో చింతపండు తూకం, షావుకారు అప్పు, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ పనితీరు, అడవి ఉత్పత్తుల మద్దతు ధర, పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన పట్టా, 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం. ఇవన్నీ ఎకనమిక్స్ కాదా? మన పిల్లకు తెలిసిన సంతతో మొదలుపెట్టి దేశపు బడ్జెట్ దాకా పాఠాన్ని తీసుకెళ్లవచ్చు. వృక్షశాస్త్రం చెప్పే చోట మన వెజ్జుల మాట ఒక్క గంటైనా వినిపించవచ్చు. అలాంటి పాఠ్యప్రణాళిక రాయడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రాసే గదిలో మనవాళ్లు కూర్చోవాలి.

ఇది కొత్త కోరికా కాదు, కుదరని కోరికా కాదు. కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాదు అడవులకు పంపింది. 1943లో మర్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అంతకు ముందే, పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఒక బడిపంతులు ఒంటరిగా చేసినదాన్ని, కోట్ల బడ్జెట్ ఉన్న విశ్వవిద్యాలయం చేయలేదా? ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండీ, కొలామీ, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వచ్చాయి. ఆ దారి చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పై చదువులో ఆ భాషకు గౌరవం లేదని తెలిశాక, కింది తరగతిలో దాన్ని ఎవరు నిలబెడతారు?

పరిశోధన గురించీ ఒక మాట. థర్‌స్టన్ కాలం నుంచి ఇప్పటిదాకా మన తాతలను, అవ్వలను ప్రశ్నలడిగి రాసిన పుస్తకాలకు లెక్కలేదు. అడిగినవారికి డాక్టరేట్లు వచ్చాయి. చెప్పినవారి ఊరికి ఒక ప్రతి కూడా తిరిగి రాలేదు. అందరూ అలాగే ఉన్నారని అనలేం. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండులు తరతరాలుగా దాచుకున్న రాతప్రతుల మీద హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పనిచేసింది. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. గోండు పెద్దలూ విశ్వవిద్యాలయమూ పక్కపక్కన కూర్చుంటే ఏం జరుగుతుందో దానివల్ల తెలిసింది. అది ఒక మంచి పనిగా మిగిలిపోకుండా నియమంగా మారాలి.

మేము అడిగేవి ఎక్కువేమీ కావు. ప్రతి గిరిజన విశ్వవిద్యాలయంలో ఆదివాసీ భాషల శాఖ ఉండాలి. ఆ భాష మాట్లాడే మనిషికి, డిగ్రీ లేకపోయినా, అక్కడ బోధించే వీలుండాలి. మొదటి ఏడాది ఇంగ్లీషుకూ తెలుగుకూ సాయపడే వంతెన తరగతులు ఉండాలి. సీట్ల వాటా, ఉద్యోగాల వాటా చట్టంలో ఉండాలి. మన ఊళ్ల మీద చేసిన ప్రతి పరిశోధన మన గ్రామసభ ముందు, మనకు తెలిసిన భాషలో వినిపించాలి.

వీటికోసం మనమూ చేయవలసిన పని ఉంది. తోటి ఉపాధ్యాయులారా, ఇంటర్ దాటిన పిల్లలకు ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపిపెట్టడం, తేదీలు గుర్తుచేయడం మన పని కాదని అనుకోవద్దు. మీ ఊరి మాటలను, పాటలను, మొక్కల పేర్లను నోటుపుస్తకంలో ఎక్కించండి. రేపు భాషా శాఖ పెడితే ముందు కావలసింది అదే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ గేటు లోపలికి వెళ్లినవాళ్లు మీరు. తరగతిలో మీ భాష పేరు చెప్పడానికి సిగ్గుపడకండి. సిలబస్ ఎవరు రాశారో, అధ్యాపకుల్లో మనవాళ్లు ఎందరో, సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చిన జవాబును ఊరికి తెచ్చి గ్రామసభలో చదివి వినిపించండి.